సిగ్నల్ దగ్గర బండి ఎందుకు కాగుతుంది? గాలితో చల్లబడే ఇంజన్ లెక్కలు

ఏప్రిల్ వచ్చిందంటే మెకానిక్ షెడ్లలో వినపడే మాట ఒకటే: "అన్నా, బండి బాగా హీటెక్కుతోంది." సాయంత్రం అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా పాకుతూ వెళ్లేవాళ్లదీ ఇదే గోడు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, విశాఖ గాజువాక దగ్గర ఇరుక్కునేవాళ్లదీ ఇదే గోడు. సలహాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. సిగ్నల్ పడగానే ఇంజన్ ఆపేయమని ఒకరంటారు. ఆపితే ఇంకా కాగుతుందని మరొకరు. చిక్కటి ఆయిల్ పోయించమంటారు, పల్చటిదే మంచిదంటారు. ఈ మధ్య తప్పంతా ఇథనాల్ పెట్రోలుదే అనేవాళ్లూ ఎక్కువయ్యారు. వీటిలో దేంట్లో ఎంత నిజముందో తేలాలంటే ముందు ఇంజన్‌లో వేడి ఎంత పుడుతుంది, ఎటు పోతుంది అన్నది చూడాలి.

ఒకే వేడి, మూడు దారులు

మన రోడ్ల మీద తిరిగే 100, 125, 150 సీసీ బైకుల్లో ఎక్కువ భాగానికి రేడియేటర్ ఉండదు. సిలిండర్ బ్లాక్ చుట్టూ, దాని మీద మూతలా ఉండే హెడ్ చుట్టూ పలకల్లా పొడుచుకొచ్చిన అల్యూమినియం ఫిన్లే దిక్కు. బండి కదిలితే ఎదురుగాలి ఆ ఫిన్ల సందుల్లోంచి దూసుకెళ్లి వేడిని పట్టుకుపోతుంది. ఆగితే గాలీ ఆగుతుంది.

స్కూటర్ సంగతి వేరు. దానిదీ గాలితో చల్లబడే ఇంజనే. కానీ క్రాంక్‌కు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు, బిగించిన ఫ్యాను ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతూ, ప్లాస్టిక్ తొడుగు గుండా గాలిని హెడ్ మీదికి తోస్తుంది. అందుకే జామ్‌లో ఆగి ఉన్నప్పుడు 110 సీసీ స్కూటర్ పరిస్థితి పక్కనున్న బైకు కన్నా నయం. తొడుగు లోపల చెత్త పేరుకోకుండా, తొడుగు పగలకుండా ఉన్నంతవరకే ఈ మేలు.

మూడోది నీళ్లు, కూలెంట్ తిరిగే లిక్విడ్ కూలింగ్. వేడి ఒక హద్దు దాటగానే రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, బండి ఆగి ఉన్నా సరే. మధ్యలో ఆయిల్ కూలర్ ఉన్న బండ్లున్నాయి: పల్సర్ 220, అపాచీ 200 4వీ, ఇంటర్‌సెప్టర్ 650 లాంటివి. ఇవి ఆయిల్‌ను చిన్న రేడియేటర్ గుండా తిప్పుతాయి. దానికి ఫ్యాను లేకపోతే అదీ ఎదురుగాలి కోసమే చూడాలి కాబట్టి జామ్‌లో దాని లాభం సగానికి సగం పోతుంది.

ఆగిన బండి పుట్టించే వేడి ఎంత?

ట్రాఫిక్‌లో ఇంజన్ ఎక్కువ వేడి పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు.

150 సీసీ బండి ఒకటి హైవేలో గంటకు 60 కి.మీ. వేగంతో, లీటరుకు 50 కి.మీ. ఇస్తూ పోతోందనుకుందాం. గంటకు 1.2 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి ఇది దాదాపు 10.7 కిలోవాట్లు. అందులో పావు వంతు బండిని నడపడానికి సరిపోతుంది. మిగిలిన 8 కిలోవాట్లలో సగం సైలెన్సర్ గుండా వెళ్లిపోతుంది, సగం, అంటే 4 కిలోవాట్లు, ఫిన్లూ ఆయిలూ మోయాలి.

అదే బండి సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలేటర్ ముట్టకుండా ఊరికే తిరుగుతూ, గంటకు 200 మి.లీ. లెక్కన తాగుతోందనుకుంటే పుట్టేది 1.8 కిలోవాట్లు. బండి కదలడం లేదు కాబట్టి అదంతా వేడే. సైలెన్సర్ వాటా తీసేస్తే ఫిన్ల మీద పడేది 1.1 కిలోవాట్లు. బకెట్లో నీళ్లు కాచుకునే రాడ్‌ను ఇంజన్ మధ్యలో పెట్టి స్విచ్ వేసినంత. హైవేతో పోలిస్తే నాలుగో వంతు.

మరి కాగడం ఎందుకు? పుట్టే వేడి నాలుగో వంతుకు తగ్గితే, వేడిని వదిలించుకునే శక్తి ఆరో వంతుకో అంతకన్నా కిందికో పడిపోతుంది కాబట్టి. 60 కి.మీ. వేగంలో ఫిన్ల మీదికి సెకనుకు 16 మీటర్లకు పైగా గాలి వస్తుంది. ఆగినప్పుడు వేడెక్కిన గాలి తనంతట తాను పైకి లేవడం తప్ప మరో కదలిక ఉండదు.

ఈ అంకెల్ని చివరిదాకా లాగితే ఒక పనికొచ్చే సంగతి బయటపడుతుంది. బయట 35 డిగ్రీలు, హైవేలో హెడ్ 150 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందనుకుందాం. అదే బండి ఆగి, ఐడ్లింగ్‌లో ఎంతసేపైనా అలాగే ఉంటే చివరికి చేరే హద్దు 225 డిగ్రీల దరిదాపు. అల్యూమినియం హెడ్‌కు అది మంచిది కాదు. అయితే అక్కడికి చేరడానికి చాలా సమయం పడుతుంది. 25 కిలోల లోహం వేడెక్కాలి మరి. ఇంజన్ మొత్తాన్ని ఒకే ముద్దగా లెక్కేస్తే రెండు నిమిషాల సిగ్నల్‌లో పెరిగేది 3 డిగ్రీలు. పది నిమిషాలకు 14. అరగంటకు 34. నిజానికి హెడ్ ముందు కాగుతుంది, కింది కేసు తర్వాత కాగుతుంది కాబట్టి హెడ్ దగ్గర పెరుగుదల ఇంకాస్త చురుగ్గా ఉంటుంది. అంకెలు బండిని బట్టి మారతాయి, వాటి తీరు మారదు.

అంటే ఒక్క సిగ్నల్ ఇంజన్‌ను ఏమీ చేయదు. మధ్యలో గాలి తగిలే అవకాశం లేకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చే పది సిగ్నళ్లు చేస్తాయి.

ఎండ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. ఫిన్లకూ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టే వేడి పోతుంది. కాబట్టి డిసెంబరులో 28 డిగ్రీలున్న గాలి మేలో 42కి చేరితే హెడ్ కూడా రమారమి ఆ 14 డిగ్రీలే ఎక్కువ కాగుతుంది. ఇంజన్‌కు అది పెద్ద లెక్క కాదు. కానీ జామ్‌లో మన ఫిన్లకు తగిలేది వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీల గాలి కాదు. ముందున్న కారు ఏసీ వదిలే వేడి, పక్కనున్న బస్సు పొగ, కాలిన తారు మీద నుంచి లేచే సెగ కలిసిన గాలి. పెద్ద బండి వెనకాల ఆనుకుని కాకుండా కొంచెం పక్కకు, ఖాళీ ఉన్న వైపు ఆగితే వచ్చే తేడా చిన్నదైనా నిజమైనదే.

వేడిగా ఉండటం ఎప్పుడు జబ్బు అవుతుంది?

గాలితో చల్లబడే ఇంజన్ వేడిగానే ఉండాలి. స్పార్క్ ప్లగ్ చుట్టూ 150 నుంచి 180 డిగ్రీలు, ఆయిల్ 90 నుంచి 120 డిగ్రీలు మామూలే. చెయ్యి పెడితే కాలుతోందన్నది లక్షణమే కాదు, ఎప్పుడు పెట్టినా కాలుతుంది. కాలికి తగిలే సెగ కూడా నమ్మదగ్గ కొలత కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక సైలెన్సర్ పైపులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చాలా బండ్లలో ఇంజన్‌కు దగ్గరగా చేరింది. అది పనిచేయాలంటే 300 డిగ్రీలు దాటి కాగాల్సిందే. కొత్త బండి పాతదానికన్నా ఎక్కువ కాగుతోందనే ఫిర్యాదుల్లో కొంత భాగం ఈ కన్వర్టర్ సెగే, హెడ్‌ది కాదు.

నమ్మదగ్గ గుర్తులు వేరే ఉన్నాయి. యాక్సిలేటర్ తిప్పితే ముందున్నంత పికప్ లేకపోవడం ఒకటి. లోడ్ మీద, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గులకరాళ్లు పోసినట్టు టిక్ టిక్ మనడం ఇంకొకటి. అది నాకింగ్, ప్లగ్ మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే అంటుకుంటోందని అర్థం. టాపెట్ల చప్పుడు ఉన్నట్టుండి పెరిగితే ఆయిల్ పల్చబడిందనుకోవాలి.

మరొకటి తరచూ కనిపించేదే గానీ వేడితో ముడిపెట్టి చూసేవాళ్లు తక్కువ. పొద్దున టక్కున పడే న్యూట్రల్, జామ్‌లో అరగంట గడిచాక ఎంత తడిమినా పడదు. క్లచ్ ప్లేట్లు వేడికి ఉబ్బుతాయి. ప్లేట్ల కట్ట మందం పెరిగి ప్రెషర్ ప్లేట్ బయటికి జరగడంతో లివర్‌లో ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలయ్యేలోపు లివర్ ఊరికే కదిలే దూరం, పెరుగుతుంది. లివర్ పూర్తిగా నొక్కినా ప్లేట్లు పూర్తిగా విడిపోవు. గేర్లు గట్టిబడటం, ఫస్ట్ వేయగానే బండి ముందుకు గుంజడం కూడా దీని ఫలితమే. ఇది ఇంజన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు, ఆయిలూ క్లచ్చూ కాగాయనడానికి గుర్తు. చల్లారాక ఫ్రీ ప్లే మళ్లీ మామూలైతే కేబుల్ అడ్జస్టర్ జోలికి పోనక్కర్లేదు. వేడి మీద బిగించుకుంటే చల్లారాక ఫ్రీ ప్లే చాలక క్లచ్ జారడం మొదలవుతుంది.

హాఫ్ క్లచ్ ఖరీదు

వేడి తగ్గించడానికి జామ్‌లో నడిపేవాడి చేతిలో ఉన్న పెద్ద మీట క్లచ్చే. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 280 కిలోలు అనుకుందాం. నిలబడ్డ చోటి నుంచి గంటకు 10 కి.మీ. వేగానికి శుభ్రంగా లాగి క్లచ్ పూర్తిగా వదిలేస్తే, క్లచ్‌లో వేడిగా మారేది సుమారు 1.1 కిలోజౌళ్లు. ఏ మూలకూ రాదు.

ఇప్పుడు అదే బండి ఫ్లైఓవర్ ర్యాంపు మీద ఉంది. ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు ఎక్కే వాలు. ముందు వరస నడక వేగంతో కదులుతోంది. నడిపేవాడు ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, క్లచ్ సగం పట్టి పైకి పాకిస్తున్నాడు. గంటకు 4 కి.మీ. వేగానికి ఫస్ట్ గేరులో నిజంగా కావాల్సింది 1000 ఆర్‌పీఎం. మిగతా 2000 క్లచ్ ప్లేట్ల రాపిడిలో పోతోంది. వాలు ఎక్కడానికి క్రాంక్ దగ్గర 2 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. లెక్క కడితే క్లచ్‌లో పుట్టే వేడి 420 వాట్లు. చక్రానికి అందుతున్న శక్తి అందులో సగమే. ఒక్క నిమిషం ఇలా పాకితే 25 కిలోజౌళ్లు, అంటే 20కి పైగా శుభ్రమైన స్టార్టింగుల ఖర్చు.

ఈ వేడి ఫిన్లకు చేరదు. చాలా బైకుల్లో క్లచ్ మునిగి ఉండేది ఇంజన్ ఆయిల్‌లోనే కాబట్టి నేరుగా ఆయిల్‌కు ఎక్కుతుంది. అప్పటికే 110 డిగ్రీలున్న లీటరు ఆయిల్‌లోకి.

చదునైన రోడ్డు మీద హాఫ్ క్లచ్ అవసరం అసలు తక్కువ. 1400 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో ఫస్ట్ గేరు వేసి, యాక్సిలేటర్ ముట్టకుండా క్లచ్ పూర్తిగా వదిలితే 150 సీసీ బండి గంటకు 5 కి.మీ. పైన మెల్లగా నడుస్తుంది. ముందు బండితో నాలుగైదు మీటర్ల ఎడం ఉంచుకుని ఆ వేగంలో వదిలేయడం, ఎడం కనిపించగానే లాగి బ్రేకు కొట్టడం: రెండూ ఒకే చోటికి, ఒకే సమయానికి చేరుస్తాయి. మొదటి పద్ధతిలో ఇంకో లాభం, ఫిన్లకు ఎంతో కొంత గాలి కదులుతూ ఉంటుంది. ఆగి ఉన్నప్పటితో పోలిస్తే గంటకు 8, 10 కి.మీ. వేగం కూడా వేడిని రెట్టింపు వేగంతో లాగగలదు. ఆ ఎడంలోకి ఆటో దూరుతుందనేది న్యాయమైన అభ్యంతరమే. దూరుతుంది.

సిగ్నల్ దగ్గర ఆపాలా, వద్దా?

ఆపొద్దనేవాళ్ల వాదనలో అసలు విషయం ఉంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ పంపు ఆగుతుంది. హెడ్‌లో ఉన్న వేడి కిందికి, పక్కలకు పాకుతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బ్యురేటర్ ఉన్న పాత బండి అయితే ఆ వేడి కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలును మరిగించొచ్చు. పెట్రోలులో తేలికైన భాగం 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలవుతుంది. అందుకే కాగిన బండి ఆపిన ఐదు నిమిషాలకు స్టార్ట్ చేయబోతే మొండికేసి, యాక్సిలేటర్ తెరిచి పట్టుకుని నాలుగు కిక్కులు కొడితే గానీ అందుకోదు.

అయితే అది స్టార్టింగ్ ఇబ్బంది, ఇంజన్‌కు నష్టం కాదు. ఫ్యాను లేని బైకుకు ఆపి ఉంచడమే చల్లన. పైన చెప్పిన బండికే లెక్క చూస్తే, రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే 3 డిగ్రీలు పెరుగుతుంది, ఆపితే 4 నుంచి 5 డిగ్రీలు తగ్గుతుంది. ఒక్కో సిగ్నల్‌కు తేడా 7, 8 డిగ్రీలు. పది సిగ్నళ్లకు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. పెట్రోలు ఆదా సిగ్నల్‌కు 6 మి.లీ. పైచిలుకు, దాని కోసమే ఆపాలనేంత కాదు.

ఎంతసేపటి సిగ్నల్‌కు ఆపాలన్నది బండి మీద ఆధారపడుతుంది. హీరో 2014లో స్ప్లెండర్ ఐస్మార్ట్‌తో తెచ్చిన ఐ3ఎస్ లాంటి ఏర్పాటు న్యూట్రల్‌లో కొద్ది సెకన్లు గడవగానే ఇంజన్‌ను ఆపి, క్లచ్ పట్టగానే లేపుతుంది. దాని స్టార్టర్, బ్యాటరీ అందుకు తగ్గట్టు పెట్టినవి. మామూలు బండిలో 3, 4 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ ఉంటుంది, ఐడ్లింగ్‌లో చార్జింగ్ అంతంతమాత్రం. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగుతుండగా నిమిషానికోసారి సెల్ఫ్ కొడితే ఆ బ్యాటరీ ఓర్చుకోదు. కౌంట్‌డౌన్ అర నిమిషం లోపుంటే వదిలేసి, నిమిషం దాటి ఉంటే ఆపడం సబబుగా అనిపిస్తుంది.

స్కూటర్ ఆపితే ఫ్యాను కూడా ఆగుతుంది. అయినా మంటే లేనప్పుడు ఫ్యాను లేకపోయినా నష్టం లేదు.

ఆయిల్: గ్రేడ్ కన్నా ముందు మట్టం

గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆయిల్‌ది రెండో కూలెంట్ పాత్ర. పిస్టన్ కిరీటం అడుగు నుంచి, కామ్ షాఫ్ట్ నుంచి వేడిని మోసుకొచ్చి కింది కేసుకు అప్పగించేది అదే. 100, 125 సీసీ బండ్లలో ఉండేదే లీటరు లోపు. ఈ వాడకంలో 200 మి.లీ. తగ్గితే కూలింగ్‌లో ఐదో వంతు పోయినట్టే, మిగిలినది అంత తొందరగా కాగుతుంది, అంత తొందరగా పాడవుతుంది. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే అది చెడిపోయే వేగం రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో వాడే ఉజ్జాయింపు సూత్రం. రోజూ జామ్‌లో నలిగే బండికి కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మార్చడం సరిపోదనేది ఇందుకే. గంటకు 12 కి.మీ. సగటుతో తిరిగిన 3000 కి.మీ. అంటే ఇంజన్ 250 గంటలు నడిచినట్టు. హైవేలో అదే దూరానికి 60 గంటలు చాలు.

మట్టం చూసే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది, బండి నిటారుగా ఉండాలి. రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. కొన్ని బండ్లలో ఆయిల్ కొలిచే స్టిక్‌ను మర పట్టించకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నింటికి గాజు కిటికీ ఉంటుంది. ఏ పద్ధతో మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ పోయడం కూడా మేలు కాదు. క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, మిగులు బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

ఇక చిక్కదనం. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే వేడి మీద చిక్కదనం చెప్పేది రెండో అంకె. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి, 50 గ్రేడ్ 16.3 పైన. చిక్కటి ఆయిల్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు చెప్పేది సూటిగా ఉంటుంది: 130 డిగ్రీల దగ్గర కూడా లోహానికీ లోహానికీ మధ్య పొర మిగలాలి. పల్చటిదే కావాలనేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం. చిక్కటి ఆయిల్‌ను తిప్పడానికే శక్తి ఖర్చై అదీ వేడిగా మారుతుంది, ఐడ్లింగ్‌లో బలహీనంగా తిరిగే పంపు దాన్ని హెడ్ దాకా తక్కువగా పంపుతుంది, ప్రవాహం తగ్గితే మోసుకుపోయే వేడీ తగ్గుతుంది.

ఈ తగువు డబ్బా దగ్గర కాదు, మాన్యువల్ దగ్గర తేలాలి. చాలా మాన్యువళ్లలో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏయే గ్రేడ్లు వాడొచ్చో చూపే పట్టిక ఉంటుంది. అందులో 40 గ్రేడ్ ఉంటే ఎండాకాలానికి దానికి మారడంలో తప్పులేదు. పట్టికలో 30 తప్ప వేరే లేని బీఎస్6 బండికి 20డబ్ల్యూ-50 పోస్తే కాగడం తగ్గుతుందన్న హామీ లేదు. గ్రేడ్ ఏదైనా డబ్బా మీద బైకు ఆయిళ్ల జపాన్ ప్రమాణం జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి తడి క్లచ్‌ను జారేలా చేస్తాయి, జారే క్లచ్ మళ్లీ వేడి. ఎంబీ అని ఉన్నది స్కూటర్లకు.

మైలేజీ స్క్రూ, ఇథనాల్

కార్బ్యురేటర్ బండిని షెడ్డుకు తీసుకెళ్లి "మైలేజీకి పెట్టు" అంటే మెకానిక్ మొదట తిప్పేది చిన్న ఇత్తడి స్క్రూ. అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే ఇంధనం పల్చబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ వైపు ఉంటే ఇంధనం స్క్రూ, లోపలికి తిప్పితే పల్చబడుతుంది. రెండూ పనిచేసేది ఐడ్లింగ్ నుంచి పావు యాక్సిలేటర్ దాకా. అంటే జామ్‌లో బండి ఉండేది సరిగ్గా ఆ పరిధిలోనే.

గాలితో చల్లబడే ఇంజన్‌కు కొంచెం మిగులు పెట్రోలు ఇవ్వడం తయారీదారు కావాలని చేసే పని. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని తగ్గిస్తుంది. మైలేజీ కోసం ఆ మిగులు తీసేస్తే ఆ చల్లదనమూ పోతుంది. హెడ్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్యనున్న రబ్బరు పగిలి దొంగగాలి లాగినా ఇదే జరుగుతుంది. అప్పుడు ఐడ్లింగ్ ఒక చోట నిలవక ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇంట్లో చూసుకోగలిగిన పరీక్ష ప్లగ్: కాఫీ రంగు ఉంటే మంచిదే, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మిక్చర్ పల్చబడింది.

ఈ20 గొడవకు ఇది మొదటి మెట్టు. 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్‌లో ప్రాణవాయువు ముందే ఉంటుంది కాబట్టి కాలడానికి బయటి గాలి తక్కువ చాలు. 10 శాతం ఇథనాల్ పెట్రోలు కిలో కాలడానికి 14.1 కిలోల గాలి కావాలి. పాత కార్బ్యురేటర్ బండి 12.8 కిలోలే ఇస్తోందనుకుంటే గాలి 9 శాతం తక్కువ, అదే ఆ మిగులు. ఈ20కి 13.5 కిలోలు చాలు. కార్బ్యురేటర్ ఏమీ ఎరగక అదే 12.8 ఇస్తూ ఉంటుంది. గాలి లోటు 5 శాతానికి పడిపోయింది, చల్లబరిచే మిగులు దాదాపు సగమైంది.

ఎదురు వాదన బలమూ తక్కువేం కాదు. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు పెట్రోలుకన్నా రెండున్నర రెట్ల దాకా వేడిని పీల్చుకుంటుంది, లోపలికి వెళ్లే మిక్చర్ చల్లగా వెళ్తుంది. ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ తగ్గుతుంది. పైగా ఇథనాల్ కలవని పెట్రోలుతో పోలిస్తే ఈ20 లీటరులో శక్తి 6, 7 శాతం తక్కువ. ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బీఎస్6 బండి ఇంధనాన్ని తనే సర్దుకుంటుంది కాబట్టి మిక్చర్ వాదన దానికి వర్తించదు. రెండూ తూచితే, సరిగ్గా సెట్ చేసి ఉన్న బండిని ఈ20 ఒక్కటే ఓవర్‌హీట్‌కు నెట్టదు. మైలేజీ స్క్రూ తిప్పించుకున్న పాత కార్బ్యురేటర్ బండికి మాత్రం రెండు పల్చదనాలు తోడవుతాయి. అలాంటి బండ్ల నుంచి ఫిర్యాదులు వస్తే ఆశ్చర్యపడక్కర్లేదు.

ప్లగ్ మార్పిస్తే ఇంజన్ చల్లబడుతుందన్నది మాత్రం ఉత్తమాట. చల్లటి ప్లగ్ అంటే తన ముక్కు వేడిని హెడ్‌కు త్వరగా అప్పగించేదని అర్థం. హెడ్ వేడి మారదు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్ చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఇది తెలియక తలకిందులుగా కొనేవాళ్లూ ఉంటారు.

ఫిన్ల మీది మట్టి, నీళ్ల బకెట్

వానాకాలం బురద ఫిన్ల సందుల్లో ఎండి, దాని మీద కారిన ఆయిల్ చేరితే గాలికి దారి మూసుకుపోతుంది. ఎక్కువ పేరుకునేది ముందు చక్రం చిమ్మేచోట, హెడ్ ముందుభాగంలో. సైలెన్సర్ పైపు తగిలేదీ, అన్నిటికన్నా కాగేదీ అక్కడే. చల్లారిన ఇంజన్ మీద డీజిల్ పూసి, పాత టూత్ బ్రష్‌తో సందు సందునా రుద్ది కడిగితే పోతుంది. కాళ్ల మీద నీళ్లు చిమ్మకుండా క్రాష్ గార్డ్‌కు కట్టే రెగ్జిన్ షీటు వాన తగ్గాక విప్పకపోతే అదీ ఎదురుగాలిని హెడ్ దాకా రానివ్వదు.

కాగిన ఇంజన్ మీద బకెట్ నీళ్లు కుమ్మరించడం ప్రమాదమా? వానలో పోతే ఏమీ కాదు కదా అనే ప్రశ్న సరైనదే. వానలో చినుకులు అన్ని వైపులా సమానంగా, కొద్దికొద్దిగా పడతాయి, హెడ్ కూడా అప్పటికే గాలికి చల్లగా ఉంటుంది. జామ్‌లో 200 డిగ్రీలు చేరిన హెడ్‌కు ఒకవైపే నీళ్లు తగిలితే అటు కుదించుకుపోయి, ఇటు ఉబ్బి ఉంటుంది. ఫిన్ విరగడం, ప్లగ్ పింగాణీ చిట్లడం, హెడ్ వంపు తిరగడం సాధ్యమే. ప్రతిసారీ జరగదు గానీ జరిగిన రోజు హెడ్ ఖరీదు తెలుస్తుంది.

12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించుకునే ఆలోచనలో భౌతికశాస్త్రం తప్పేమీ లేదు. సెకనుకు 2 మీటర్ల గాలి వస్తే గంటకు 7 కి.మీ. వేగంతో కదిలినంత మేలు. చిక్కు వేరేచోట: కంప్యూటర్ ఫ్యానుకు దుమ్ము, నీళ్లు, 150 డిగ్రీల సెగ పడవు, బండి నడిచేటప్పుడు అదే గాలికి అడ్డు అవుతుంది.

పిస్టన్ పట్టేసినప్పుడు లోపల జరిగేది

అన్నీ దాటిపోతే చివరికి వచ్చేది సీజ్. దీని లెక్క పాత బుల్లెట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ 350 ఇంజన్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., బ్లాక్ పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. మామూలుకన్నా మరో 50 డిగ్రీలు కాగితే పిస్టన్ 0.08 మి.మీ. ఉబ్బుతుంది, ఇనుప బోర్ 0.04 లోపే. మధ్యనున్న సందు 0.04 మి.మీ. తగ్గిపోతుంది. అసలు సందే మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది కాబట్టి ఆయిల్ పొరకు చోటుండదు. ఇప్పటి బండ్లలో బ్లాక్ అల్యూమినియంది, లోపల ఇనుప లైనర్ లేదా పూత ఉంటుంది. వేడి త్వరగా పోతుంది, ఉబ్బులో తేడా తగ్గుతుంది కాబట్టి సీజ్ అరుదైంది, పూర్తిగా పోలేదు.

పట్టేసే ముందు బండి తనంతట తానే మందగిస్తుంది, యాక్సిలేటర్ తిప్పినా ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టుంటుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టి పక్కకు తీస్తే చాలాసార్లు నష్టం గీతలతో ఆగుతుంది. క్లచ్ పట్టకపోతే వెనక చక్రమే లాక్ అవుతుంది. ఆగిన వెంటనే కిక్ కొట్టడం వల్ల పిస్టన్‌కు అంటిన అల్యూమినియం బోర్ గోడకు ఇంకా పూసుకుపోతుంది. అరగంట ఆగి, ఆయిల్ మట్టం చూసి, చేత్తో కిక్ రాడ్‌ను మెల్లగా దించితే సాఫీగా దిగుతుందో లేదో తెలుస్తుంది. దిగి, స్టార్ట్ అయి, తర్వాతి రోజుల్లో నీలిపొగ, పిస్టన్ కొట్టుకునే చప్పుడు లేకపోతే బతికినట్టే. పొగ వస్తే బ్లాక్ విప్పాలి. లైనర్ ఉన్న బ్లాక్ అయితే 0.25, 0.50 మి.మీ. పెద్ద పిస్టన్ వేసి బోర్ చేయిస్తారు. పూత పూసిన బ్లాక్‌కు ఆ వెసులుబాటు లేదు, బోర్ కిట్ మొత్తం మార్చాల్సిందే.